పిట్టకు ధ్రువుడు, పురుగుకు ఆకాశగంగ

ఉత్తరపు దిక్కున సప్తర్షులు ప్రదక్షిణము చేయుచుండగా తాను మాత్రము చలింపక నిలుచు చుక్కను మన పెద్దలు ధ్రువుడనిరి. ధ్రువమనగా స్థిరమైనది. వివాహసమయమున వధువునకు ఆ చుక్కను చూపు ఆచారము నేటికిని మన యిండ్లలో నిలిచియున్నది. ఆకాశమున ఒక అంచునుండి మరియొక అంచువరకు పాలు ఒలికినట్లు తెల్లగా పరచుకొని కనబడు పట్టెను పాలపుంత యనిరి. ఆకాశగంగ యనియు పిలిచిరి. ఓడ నడుపువారును, ఎడారి దాటువారును చుక్కలనుబట్టి దారి తెలిసికొనుట అనాదిగా నున్నదే. అయితే ఈ విద్య మానవునికి మాత్రమే దక్కినది కాదు. పిడికిట నిముడు ఒక పాటపిట్టకును, పేడలో బ్రదుకు ఒక పురుగునకును ఇది తెలియును. పిట్ట ధ్రువుడున్న దిక్కును గుర్తించి పయనించును. పురుగు ఆకాశగంగను చూచి నడచును.

ఈ రెండు ప్రాణులను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించినచో మన నడకకు పనికివచ్చు పాఠ మొకటి లభించును. తొందరపడి ఆ పాఠమును ముందే చెప్పుకొనక, మొదట వాని సంగతిని ఉన్నదున్నట్లు తెలిసికొందము.

1. నీలిపిట్ట

ఉత్తర అమెరికాఖండపు తూర్పు భాగమున, పొలముల గట్ల వెంటను, అడవుల అంచులను, పొదలలో నివసించు ఒక చిన్న పిట్టకు ఇండిగో బంటింగ్ అని పేరు. నీలిమందు రంగునుబట్టి వచ్చిన పేరది. ఈ వ్యాసమున దానిని నీలిపిట్ట యందము. దాని తూనిక సుమారు 14 గ్రాములు. తులమునకు కొంచె మెక్కువ. ఆడపిట్ట గోధుమవన్నెది. మగపిట్ట మాత్రము వసంతమున నఖశిఖపర్యంతము నీలముగా మారి, కొమ్మచివర కూర్చుండి, ప్రతి పలుకును రెండేసిమార్లు పలుకుచు పాడును. ఆ నీలము నిజమునకు రంగుపదార్థము కాదు. ఈకలలోని సూక్ష్మమైన అమరిక వెలుతురును చెదరగొట్టుటచే మన కంటికి నీలముగా తోచును.

శరదృతువు రాగానే ఈ పిట్ట దక్షిణమునకు వలసపోవును. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియను దీవులు దాని శీతకాలపు నివాసములు. ఒకవైపు పయనమే సుమారు 2000 కిలోమీటర్లు. ఇంతటి దూరమును అది ఎక్కువగా రాత్రులందే దాటును. చలి తగ్గగానే మరల ఉత్తరమునకు మరలును.

చీకటిలో దీనికి దారి చూపున దేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవాడు స్టీఫెన్ ఎమ్లెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు. పంజరములోని వలసపిట్ట ఋతువు వచ్చినంతనే రాత్రులు నిదురింపక, పోవలసిన దిక్కునకే గంతులు వేయుచుండునని అంతకుముందే పరిశీలకులు గమనించిరి. 1950 దశకమున జర్మనీలో ఫ్రాంజ్ సావర్ అను నాతడు వలసపిట్టలను నక్షత్రశాలలో నుంచి పరీక్షించియుండెను. ఎమ్లెన్ తన తండ్రియగు జాన్ ఎమ్లెన్‌తో కలసి ఒక సులభమైన సాధనమును కల్పించెను. అద్దుడుకాగితముతో చేసిన గరాటు. దాని అడుగున సిరాలో తడిసిన మెత్త. పిట్ట గంతు వేసినప్పుడెల్ల దాని కాలిగుర్తు కాగితముపై పడును. తెల్లవారినపిమ్మట కాగితమును విప్పి చూచినచో, రాత్రియంతయు ఆ పిట్ట మనసు ఏ దిక్కున నున్నదో సిరా చెప్పును.

ఈ గరాటులను మిషిగన్ రాష్ట్రమున ఫ్లింట్ అను నగరములోని నక్షత్రశాలలో, అనగా మన హైదరాబాదులోని బిర్లా నక్షత్రశాలవంటి కట్టడమున నుంచి ఎమ్లెన్ పరీక్షించెను. కృత్రిమాకాశపు ఉత్తరమును నిజమైన దక్షిణమునకు త్రిప్పగానే పిట్టలును తమ దిక్కును మార్చుకొన్నవి. చుక్కలను ఆర్పివేయగానే దిక్కుతోచక నలువైపుల గంతులు వేసినవి. ఒక్కొక్క నక్షత్రరాశిని మరుగుపరచి చూడగా, ధ్రువునిచుట్టు 35 డిగ్రీలలోపల నున్న ఆకాశభాగమే వానికి ముఖ్యాధారమని తేలినది. అందును ఒక్క రాశినే అవి నమ్ముకొనలేదు. ఒకటి మరుగైనచో మరియొకదానితో దిక్కు తెలిసికొనగలిగినవి. ఈ ఫలితములు 1967లో ప్రకటితమైనవి.

ఇంతకంటె లోతైన ప్రశ్న మరియొకటి కలదు. ఈ జ్ఞానము పుట్టుకతో వచ్చినదా, నేర్చుకొన్నదా? ఎమ్లెన్ పిట్టపిల్లలను మూడు గుంపులుగా పెంచెను. మొదటి గుంపు ఆకాశమును చూడకయే పెరిగినది. రెండవ గుంపు ధ్రువుని కేంద్రముగా తిరుగు ఆకాశమును చూచుచు పెరిగినది. మూడవ గుంపునకు ఒక అబద్ధపు ఆకాశమును చూపెను. అందు చుక్కలన్నియు మనము ఆర్ద్ర యని పిలుచు బెటెల్‌జూస్ నక్షత్రముచుట్టు తిరిగినవి. శరత్కాలము వచ్చినది. రెండవ గుంపు దక్షిణమునకు గంతులు వేసినది. మూడవ గుంపు ఆర్ద్రయే ఉత్తరధ్రువ మనుకొని దానికి ఎదురుదిక్కునకు గంతులు వేసినది. ఆకాశమును చూడని మొదటి గుంపునకు దిక్కే తెలియలేదు. 1970లో ప్రకటితమైన ఈ పరిశోధన తేల్చిన దేమనగా, పిట్ట ధ్రువనక్షత్రపు రూపమును పుట్టుకతో తెచ్చుకొనదు. తిరుగువానిలో తిరుగనిది ఏదో పసితనమున వెదకి తెలిసికొనును.

దీనిలోని సౌలభ్యమును గమనింపుడు. భూమియొక్క అక్షము సుమారు 26000 సంవత్సరముల కొకమారు మెల్లగా చుట్టు తిరుగుచుండును. అందుచే ధ్రువస్థానమున నుండు చుక్క యుగయుగమునకు మారును. దాదాపు 5000 సంవత్సరముల క్రిందట థూబాన్ అను చుక్క ఆ స్థానమునకు సమీపమున నుండెను. ఇకముందు సుమారు 12000 సంవత్సరములకు అభిజిత్తు దానికి చేరువకు రాగలదు. ఒక చుక్కయొక్క నామరూపములనే పట్టుకొన్న పిట్ట ఆనాడు దారి తప్పును. కదలని చోటు ఏదో గుర్తింప నేర్చిన పిట్ట ఏ యుగమునను దారి తప్పదు.

2. పేడపురుగు

ఇక దక్షిణాఫ్రికాకు పోదము. అచ్చట ధ్రువుడు క్షితిజమునకు దిగువను మరుగై యుండును, ఎన్నడును కనబడడు. దక్షిణధ్రువమున దానికి సాటియగు ప్రకాశమైన చుక్కయు లేదు. ఆ దేశపు మైదానములలో స్కరబేయస్ సాటిరస్ అను శాస్త్రనామముగల పేడపురుగు కలదు. పేడను ఉండగా చేసి దొర్లించు పురుగును మన పల్లెలందును చూడవచ్చును. ఇది ఆ కుటుంబమునకు చెందినదే, కాని రాత్రించరము.

పశువు పేడ వేసినచోట ఈ పురుగులు గుంపుగా చేరును. ఒక్కొక్కటి తన వంతు విడదీసి, గుండ్రని ఉండగా చేసి, తల నేలకు వంచి, వెనుకకాళ్లతో ఉండను నెట్టుచు వెనుకకు నడచును. ఆలసించినచో ఇతర పురుగులు ఆ ఉండను దొంగిలించును. కావున అది పేడకుప్పనుండి వీలైనంత త్వరగా దూరమునకు పోవలెను. దానికి తిన్నని గీతవంటి దారియే ఉత్తమము. వంకర తిరిగినచో మరల ఆ దొంగల నడుమకే వచ్చి చేరును. ఏ దిక్కునకు పోయినను దానికి సమ్మతమే. పట్టిన దిక్కును విడువకుండుట మాత్రమే ముఖ్యము.

బయలుదేరుటకు ముందు ఈ పురుగు తన ఉండపైకెక్కి గుండ్రముగా ఒకమారు తిరుగును. పరిశీలకులు దీనిని నాట్యమనిరి. ఆ తిరుగుటలో అది ఆకాశమును చూచి, వెలుగు ఎట్లు పరచుకొని యున్నదో ఒక చిత్రమువలె మనసున నిలుపుకొనును. పిమ్మట ఆ చిత్రముతో ఎదుటి ఆకాశమును సరిపోల్చుకొనుచు ఉండను నెట్టును. దారిలో అడ్డు తగిలి ఉండ జారిపోయినచో మరల పైకెక్కి తిరిగి చూచుకొనును.

పగటి పురుగులకు సూర్యుడున్నాడు. వెన్నెల రాత్రులందు చంద్రుడున్నాడు. చంద్రుడు లేని రాత్రి కూడ ఈ పురుగు తిన్నగనే పోవుచుండుట చూచి స్వీడను దేశపు లుండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మేరీ డాకే, ఎరిక్ వారంట్, జొహానెస్‌బర్గులోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్కస్ బర్న్ మొదలగువారు ఆశ్చర్యపడిరి. పురుగుల తలలపై అట్టతో చేసిన చిన్న టోపీలుంచి ఆకాశమును మరుగుపరచిరి. అవి వంకరటింకరగా తిరిగినవి. పారదర్శకమైన టోపీ నుంచగా ఎప్పటివలెనే తిన్నగా పోయినవి. టోపీ బరువు కారణము కాదనియు, ఆకాశము కనబడకుండుటయే కారణమనియు స్పష్టమైనది.

పిదప వానిని జొహానెస్‌బర్గు నక్షత్రశాలకు తెచ్చిరి. ఎత్తైన గోడలుగల గుండ్రని బరి నడుమ పురుగును విడిచి, అంచు చేరుటకు ఎంత కాలము పట్టునో లెక్కించిరి. సంపూర్ణమైన నక్షత్రాకాశమును చూపినపుడును, ఆకాశగంగను మాత్రమే చూపినపుడును పురుగునకు ఇంచుమించు ఒకే కాలము పట్టినది. మిక్కిలి ప్రకాశించు 18 చుక్కలను మాత్రమే చూపినపుడు ఎక్కువ కాలము పట్టినది. పురుగు కంటికి విడివిడి చుక్కలలో పెక్కులు గోచరింపవు. వేలకొలది చుక్కల వెలుగు కలసి ఏర్పడిన పట్టెయే దానికి ఆనవాలు. 2013లో ఈ సంగతి ప్రకటితమైనది. ఆ యేడే, మొదట నవ్వించి పిమ్మట ఆలోచింపజేయు పరిశోధనలకిచ్చు ఇగ్ నోబెల్ బహుమానము వారికి లభించినది. నవ్వువారు నవ్వవచ్చును. కాని ఆకాశగంగను ఆధారముగా గొని నడచు ప్రాణిగా మొట్టమొదట ఋజువైనది పేడపురుగేయను సంగతి చిన్నది కాదు.

3. పోలికలు

ఈ రెండు ప్రాణుల నడుమ మూడు పోలికలు గలవు.

మొదటిది: రెండును నడకకు ముందు పైకి చూచును. పేడలో తల దూర్చి బ్రదుకు పురుగు కూడ, తన ఉండను క్షేమముగా చేర్చుకొనుటకు ఉండనే చూచుచు కూర్చుండదు. చేతిలోని పని నేలపైనిదే. ఆ పని తిన్నగా సాగుటకు వలసిన ఆనవాలు మాత్రము ఆకాశమున నున్నది.

రెండవది: రెండును మిక్కిలి ప్రకాశించు వస్తువును నమ్ముకొనలేదు. ధ్రువుడు ఆకాశమున రెండవ తరగతి వెలుగుగల చుక్క మాత్రమే. అతనికంటె మిన్నగా వెలుగు చుక్కలు పెక్కు గలవు. పిట్ట వానికి లొంగక నిలుకడగల చోటునే ఎంచుకొన్నది. పురుగునకును 18 పెద్దచుక్కలకంటె, ఒక్కొక్కటిగా చూచిన కంటికే ఆనని చుక్కల సమూహము ఎక్కువగా తోడ్పడినది. మిరుమిట్లుగొల్పునది మార్గదర్శకము కావలెనను నియమము లేదు.

మూడవది: ఆధారము బయట నున్నను నిర్ణయము లోపలినుండి రావలెను. ఇందులకు ఎమ్లెన్ 1969లో ప్రకటించిన మరియొక పరీక్ష సాక్ష్యము. దీపకాంతి గంటలను పెంచియు తగ్గించియు, ఆయన ఒకే కాలమున కొన్ని పిట్టల దేహములను వసంతస్థితికిని, కొన్నింటిని శరత్‌స్థితికిని తెచ్చెను. ఉభయులకును ఒకే ఆకాశమును చూపెను. వసంతస్థితిలో నున్నవి ఉత్తరమునకు, శరత్‌స్థితిలో నున్నవి దక్షిణమునకు గంతులు వేసినవి. ఆకాశము దిక్కు లేవో తెలిపెను. ఎటు పోవలెనో తెలుపలేదు. పురుగు సంగతియు అంతే. ఒకే ఆకాశగంగ క్రింద పది పురుగులు పది దిక్కులకు తిన్నగా పోవును.

4. ముఖ్యమైన భేదము

ఇచ్చట సహజముగా ఒక సందేహము కలుగును. ఆకాశగంగ కూడ రాత్రియంతయు తిరుగుచునే యుండును గదా. తిరుగు వస్తువును నమ్ముకొన్న పురుగు దారి తప్పదా? తప్పదు. ఏలనన దాని పయనము కొన్ని నిమిషములలో ముగియును. ఆకాశము గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగును. కొలది నిమిషములలో కలుగు మార్పు పురుగునకు లెక్కలోనికి రాదు. ఉండను పాతిపెట్టుకొన్న పిమ్మట ఆ ఆనవాలుతో దానికి పని లేదు. మరునాటి ఉండకు మరల క్రొత్త చిత్రము.

పిట్ట విషయము వేరు. అది రాత్రియంతయు ఎగురును. అట్టి రాత్రులు పెక్కు. తూర్పున ఉదయించు చుక్కను నమ్ముకొన్నచో తెల్లవారునప్పటికి ఆ చుక్క పడమటికి చేరును, పిట్ట సముద్రముపాలగును. కావున దానికి ఎంత తిరిగినను చోటు మారని కేంద్రమే శరణ్యము. అంతేగాక పురుగునకు గమ్యమనునది లేదు. ఉన్నచోటినుండి దూరముగా పోవుటయే దాని కోరిక. పిట్టకు గమ్యము కలదు. పోవలసిన దేశము కలదు, తిరిగి రావలసిన పొదయు కలదు.

దీనినిబట్టి తేలిన సూత్ర మిది: పయనము చిన్నదైనపుడు కదలు ఆనవాలు చాలును. పయనము దీర్ఘమైనపుడు కదలనిదే కావలెను.

ఈ భేదమును చూపి పురుగును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. దాని పనికి దాని ఆనవాలు చక్కగా సరిపోవును. పైగా ఆ పని లోకమునకు ఉపకారమైనది. పేడను నేలలోనికి చేర్చుటచే భూమి సారవంతమగును, ఈగల వ్యాప్తి తగ్గును. ఆస్ట్రేలియాలో పశువుల పేడను అచ్చటి పురుగులు చక్కబెట్టలేకపోగా, 1960 దశకమునుండి ఇతర ఖండముల పేడపురుగులను తెచ్చి విడిచిరి. ప్రాచీన ఐగుప్తు ప్రజలు ఈ కుటుంబపు పురుగును సూర్యునికి సంకేతముగా భావించి గౌరవించిరి. చిన్న పనిని చిన్న ఆనవాలుతో తిన్నగా చేయుట లోపము కాదు. దీర్ఘయాత్రకు బయలుదేరినవాడు చిన్న పని ఆనవాలునే పట్టుకొని పోవుటయే ప్రమాదము.

5. దీపముల వెలుగు

ఆధారము చెడినచో ఏమగునో కూడ ఈ రెండు ప్రాణులే చూపినవి. 2021లో ప్రకటితమైన పరిశోధనలో ఈ పేడపురుగులను జొహానెస్‌బర్గు నగరపు వెలుగులోను, దూరమున చీకటిగల పల్లెప్రాంతమునను విడిచి చూచిరి. ఎదుట దీపము కనబడినచోట పురుగులు నలుదిక్కులకు విడిపోవుట మాని దీపమువైపునకే నడచినవి. అనగా దేనినుండి తప్పించుకొనుటకు బయలుదేరెనో ఆ గుంపులోనికే, ఆ పోటీలోనికే పోయినవి. దీపము కనబడక ఆకాశమంతయు మసకవెలుగుతో నిండినచోట వాని దారి చెదరినది.

వలసపిట్టల గతి మరింత దుఃఖకరము. నగరముల వెలుగు వానిని దారినుండి లాగును. అద్దపు గోడలు ప్రాణములు తీయును. 2023 అక్టోబరులో చికాగో నగరమున సరస్సు ఒడ్డున నున్న ఒక పెద్ద భవనపు అద్దములకు తగిలి ఒక్క రాత్రిలోనే సుమారు 1000 పక్షులు మరణించినవి. మరుసటి యేడు ఆ అద్దములకు పక్షులకు కనబడునట్టి చుక్కలుగల పొర నంటించిరి. మరణములు ఎంతో తగ్గినవి. దీప మార్పుట, తెర వేయుట వంటి స్వల్పకార్యములును ప్రాణరక్షణమగుననుటకు ఇది నిదర్శనము. దీపము చెడ్డది కాదు. దగ్గరి దీపము దూరపు చుక్కను మరుగుపరచును. ఎక్కువగా వెలుగుచున్నందున తానే దారియని తోచును. అందే అపాయమున్నది.

6. మనము గ్రహింపవలసినది

మానవుని బ్రతుకున పురుగు పనియు కలదు, పిట్ట పయనమును కలదు. నేటి కూలి, ఈ నెల జీతము, పిల్లల పరీక్ష, ఇంటి అప్పు: ఇవి మనము నెట్టుచున్న ఉండలు. వీనిని తిన్నగా నెట్టుటకు ఆయా కాలమునకు తగిన ఆనవాళ్లు చాలును. పదిమంది మెప్పు, అధికారి మాట, లోకరీతి మొదలగునవి ఆకాశగంగవలె కొంతసేపు దారి చూపును. ఆ పని ముగియువరకు పనికివచ్చును. కాని అవి కదలుచుండును. నిన్న మెచ్చిన లోకము నేడు మెచ్చదు. ఏబదియేండ్ల జీవితమును లోకపు మెప్పుతోనే దిద్దుకొన్నవాడు తెల్లవారునప్పటికి పడమటి దిక్కున తేలును. ఇది అతని సోమరితనముచే వచ్చినది కాదు; అతడు శ్రమించి, తిన్నగనే నడచెను. ఆనవాలు కదలినది.

కావున ప్రతివాడును తన్ను తాను అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: నేను పట్టుకొన్నవానిలో కదలనిది ఏది? నీలిపిట్ట దానిని వినికిడిచేత తెలిసికొనలేదు. రాత్రుల తరబడి చూచి, తిరుగువాని నన్నిటిని తిరుగునవిగా గుర్తించి, మిగిలినదానిని పట్టుకొన్నది. సత్యము పలుకుట, ఇతరులకు కీడు తలపెట్టకుండుట, ఇచ్చిన మాట నిలుపుకొనుట మొదలగు ధర్మములు ఎన్ని కాలములు తిరిగినను చోటు మారనివని మన పెద్దలు చూచి తెలిసికొనిరి. మనమును మన అనుభవమున చూచియే తెలిసికొనవలెను. ఇతరులు చెప్పిన పేరును మాత్రము పట్టుకొన్నచో అబద్ధపు ఆకాశమున ఆర్ద్రను ధ్రువుడనుకొన్న పిట్టలవలె, శ్రద్ధ ఎంత యున్నను దారి తప్పుదుము.

తల్లిదండ్రులకు ఇందు ప్రత్యేకమైన హెచ్చరిక కలదు. ఆకాశమును చూడక పెరిగిన పిట్టపిల్లలకు ఆహారము తక్కువ కాలేదు. రెక్కలు బలహీనములు కాలేదు. ఎగురవలెనను కోరికయు తగ్గలేదు. ఋతువు రాగానే రాత్రియంతయు గంతులు వేసినవి. దిక్కు మాత్రము లేదు. మన పిల్లలకును తిండి, చదువు, బలము, ఉత్సాహము అన్నియు సమకూర్చి, కదలనిదానిని మాత్రము చూపకపోయినచో వారి గతియు అంతే యగును. ఎగురవలసిన శరత్తు రాకముందే చూపవలెను. అబద్ధపు ఆకాశమును చూపకుండుట అంతకంటె ముఖ్యము. ఏలనన పిల్లలు మన మాటలను గాక, మన జీవితము దేనిచుట్టు తిరుగుచున్నదో దానిని చూచి కేంద్రమును నిర్ణయించుకొందురు.

ఈ పాఠమునకు ఒక చిన్న అభ్యాసము కలదు. చైత్ర వైశాఖ మాసములలో ఒక రాత్రి, వీధిదీపములు లేనిచోటికి పిల్లలను తీసికొనిపోవుడు. కన్ను చీకటికి అలవాటుపడుటకు పావుగంట ఓపిక పట్టుడు. ఉత్తరమున సప్తర్షిమండలపు ముందరి రెండు చుక్కలను, అనగా పులహుని, క్రతువును గుర్తించి, పులహునినుండి క్రతువు మీదుగా గీతను పొడిగించినచో ధ్రువుడు కనబడును. హైదరాబాదునుండి చూచువారికి అతడు క్షితిజముపై సుమారు 17 డిగ్రీల ఎత్తున నుండును. చేయి చాచి పట్టిన పిడికిళ్లు రెంటికి కొంచెము తక్కువ. రెండుగంటల పిమ్మట మరల చూడుడు. సప్తర్షులు జరిగియుందురు, ధ్రువుడు దాదాపు అచ్చటనే యుండును. ఏది తిరుగుచున్నదో, ఏది నిలిచియున్నదో పిల్లలనే చెప్పనిండు. తులమెత్తు పిట్ట తనంతట తాను నేర్చిన విద్య ఇది. మనకు అసాధ్యము కాదు.